రియల్ దెల్ మోంతె, పచూకా: వెండి గనుల ఊళ్లలో మేడలు, మ్యూజియంలు ఏ వరుసలో చూడాలి?

హ్యూస్టన్ సాగరిక

అందరికీ నమస్కారం. డిసెంబరు సెలవుల్లో మా అమ్మానాన్నలను వెంటబెట్టుకుని మెక్సికో నగరానికి వెళ్తున్నాము. అందులో రెండు రోజులు హిదాల్గో రాష్ట్రంలోని పాత వెండి గనుల ఊళ్లకు, అంటే పచూకాకు, దాని పైన కొండల్లో ఉన్న రియల్ దెల్ మోంతెకు, కేటాయించాలని అనుకుంటున్నాము. ఈ ఆలోచన నాది కాదు, మా నాన్నగారిది. ఆయన కొత్తగూడెంలో సింగరేణి భూగర్భ గనుల్లో పనిచేసి రిటైరయ్యారు. సముద్రం, పిరమిడ్లు చూపిస్తామంటే తలూపారు గానీ, గని మ్యూజియం ఉందని చెప్పగానే లేచి కూర్చున్నారు. అమ్మకు మాత్రం పాత మేడలు, వాటి గదులు, సామాన్లు చూడటం ఇష్టం.

నాకు తెలియవలసినవి ఇవి. అక్కడి గని యజమానుల భవంతుల్లో వేటి లోపలికి వెళ్లనిస్తారు, వేటిని వీధిలో నిలబడి చూసి రావలసిందే? నాన్నగారికి మోకాళ్ల నొప్పులున్నాయి. గని మ్యూజియంలో నిచ్చెనలు ఎక్కి దిగవలసి వస్తుందా? అమ్మ మాంసం ముట్టదు. ఆ ఊరి ప్రసిద్ధ వంటకం పస్తే అంతా మాంసమేనని విన్నాను. అన్నింటికన్నా ముందు, ఏది ముందు చూసి ఏది తరువాత చూడాలో తెలిసినవారు చెప్పగలరు.

పాత కాపు (మెక్సికో నగరం)

సాగరిక గారూ, నేను ఉద్యోగరీత్యా చాలాకాలంగా మెక్సికో నగరంలో ఉంటున్నాను. ఇక్కడికి వచ్చే బంధుమిత్రులలో గనుల పట్ల ఆసక్తి ఉన్నవారిని అటు తీసుకువెళ్లడం నాకు అలవాటు. మీ ప్రశ్నలన్నింటిలో చివరిదే ముఖ్యమైనది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. సాధారణంగా అందరూ పచూకాలో దిగి, గడియార స్తంభం దగ్గర ఫొటోలు తీసుకుని, మేడలు చూసి, మధ్యాహ్నం కొండెక్కి గనికి వెళ్తారు. మీరు దీన్ని తలకిందులు చేయండి. ముందు గని చూడండి, తరువాత గని కార్మికుల ఆసుపత్రి, ఆ తరువాత ఇంగ్లిష్ శ్మశానం, చివరికి మేడలు. మేడలు ముందు చూస్తే అవి అందమైన గోడలుగానే మిగులుతాయి. గని చూసి వచ్చిన కళ్లతో చూసినప్పుడు, ఆ గోడల ఖర్చు ఎక్కడ పుట్టిందో అక్కడ ఎవరూ పలక మీద రాసి పెట్టకపోయినా తెలుస్తుంది.

గని అంటే రియల్ దెల్ మోంతెలోని అకోస్తా గని. 1727లో మొదలై 1985 వరకు పనిచేసింది. స్పానిష్ వలస పాలన, ఇంగ్లిష్ కంపెనీ, అమెరికన్ కంపెనీ, చివరికి మెక్సికో ప్రభుత్వం, ఇలా నాలుగు యాజమాన్యాల కాలం నాటి కట్టడాలు ఒకే ఆవరణలో కనిపిస్తాయి. ఇంగ్లిష్‌వారు కట్టిన ఆవిరి యంత్రపు గది, దాని పొగగొట్టం ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. హెల్మెట్ పెట్టి, గైడును వెంట ఇచ్చి, కొండలోకి అడ్డంగా తవ్విన సొరంగంలో కొన్ని వందల మీటర్ల దూరం నడిపిస్తారు. మీ నాన్నగారికి అది కొత్త కాదు. నేల తడిగా ఉంటుంది కాబట్టి పట్టు ఉన్న బూట్లు మాత్రం తప్పనిసరి. మెట్ల విషయం టికెట్ తీసుకునేటప్పుడే గైడుకు చెప్పండి. ఎంతవరకు నడవగలిగితే అంతవరకు నడిచి వెనక్కి రావచ్చు. అదే ఆవరణలో గని సూపరింటెండెంటు నివసించిన ఇల్లు కూడా మ్యూజియంలో భాగమే. అమ్మగారికి మొదటి మేడ అక్కడే దొరుకుతుంది. గని బావికి కూతవేటు దూరంలో అధికారి కుటుంబం ఎలా కాపురం చేసిందో ఆ ఇల్లు చూపిస్తుంది. పెద్దది కాకపోయినా, పచూకా భవంతులకన్నా అదే నాకు ఎక్కువ ఇష్టం.

అక్కడి నుంచి వృత్తివైద్య మ్యూజియానికి వెళ్లండి. 1907లో గని కార్మికుల కోసం మొదలైన ఆసుపత్రి అది. శస్త్రచికిత్స గది, ఎక్స్‌రే యంత్రం, మందుల సీసాలు ఉన్నచోట ఉన్నట్టే ఉంచారు. రాతిధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని వచ్చే సిలికోసిస్ గురించిన గది దగ్గర మీ నాన్నగారు ఎక్కువసేపు నిలబడతారని నా అంచనా. చాలామంది ఈ మ్యూజియాన్ని వదిలేస్తారు. నా లెక్కలో ఆ ఊరిలో తప్పక చూడవలసినవాటిలో ఇది రెండవది.

ఇక మేడల సంగతి. నిజం చెప్పాలంటే, రాజస్థాన్ కోటల్లాగా గదిగదీ తెరిచి, మంచాలు కుర్చీలు అలంకరించి చూపించే భవంతులు ఇక్కడ తక్కువ. పచూకా నడిబొడ్డున కాసా రూల్ ఉంది. ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతం నుంచి, కాంబోర్న్ అనే గనుల ఊరి నుంచి కుర్రతనంలో వచ్చిన ఫ్రాన్సిస్ రూల్ ఇక్కడ మెట్టుమెట్టుగా ఎదిగి, గనుల్లో వాటాలు కొని, వెండిరాజు అనే పేరు తెచ్చుకున్నాడు. 1896లో కట్టించుకున్న ఆ ఇల్లు ఇప్పుడు పురపాలక కార్యాలయం. పని దినాల్లో ముందు భాగం, మెట్లవరుస చూడనిస్తారు. ఆఫీసు గదుల్లోకి వెళ్లడం కుదరదు. 1910 సెప్టెంబరు 15న ప్రారంభించిన 40 మీటర్ల గడియార స్తంభానికి విరాళమిచ్చినవారిలో ఈయన ముఖ్యుడు.

దానికి దగ్గరలోనే గనుల చరిత్ర భాండాగారం, మ్యూజియం ఉన్నాయి. గని కంపెనీ ఆఫీసుగా నడిచిన 19వ శతాబ్దపు ఇల్లు అది. పాత జీతాల పుస్తకాలు, పటాలు, ఖనిజాల నమూనాలు, పనిముట్లు ఉన్నాయి, లోపలంతా తిరిగి చూడవచ్చు. పాత ఇంటి లోపలి అమరిక చూడాలన్న అమ్మగారి కోరిక, గనుల లెక్కలు చూడాలన్న నాన్నగారి కోరిక ఒకేచోట తీరేది ఇక్కడే.

భోజనం సంగతి: పస్తే అంటే బంగాళదుంప, మాంసం, ఉల్లి కూరి అంచు మెలిపెట్టి కాల్చిన పెద్ద కజ్జికాయ అనుకోండి. కార్న్‌వాల్ గని కార్మికులు తెచ్చారు, మెక్సికోవారు మిరపకాయ చేర్చారు. చిక్కుడు గింజల ముద్దతో చేసినవి, తియ్యని పాయసంతో, అనాసతో చేసినవి కూడా దుకాణాల్లో ఉంటాయి. అయితే పిండిలో పంది కొవ్వు కలిపే అలవాటు ఉంది కాబట్టి, లోపల మాంసం లేనంత మాత్రాన శాకాహారం అనుకోవద్దు. ప్రతి దుకాణంలోనూ అడిగి తీసుకోండి, లేదా అమ్మగారికి మెక్సికో నగరం నుంచే ఏదైనా కట్టుకుని వెళ్లండి.

రాళ్లమారి

పాత కాపు గారు చెప్పిన వరుస బాగానే ఉంది గానీ, ఒక విషయంలో వారితో ఏకీభవించలేను. గని యజమాని సంపద ఎంతటిదో తెలియాలంటే పచూకా ఆఫీసు గదుల చుట్టూ తిరగనక్కరలేదు. రియల్ దెల్ మోంతె దాటి వాస్కా అనే ఊరి వైపు సాగితే, గని యజమాని పేద్రో రొమేరో దె తెర్రేరోస్ కట్టించిన సాంతా మరియా రెగ్లా అనే పెద్ద మేడ కనిపిస్తుంది. ఇళ్ల మీదే ఆసక్తి ఉన్నవారు కూడా అది చూడకుండా వెనక్కి వస్తే ఆ ఊళ్ల కథలో సగం వదిలేసినట్టే.

ఈయన స్పెయిన్‌లో పుట్టి మెక్సికోకు వచ్చిన వ్యాపారి. 18వ శతాబ్దం మధ్యనాటికి రియల్ దెల్ మోంతెలోని ప్రధాన వెండి నాళం (రాతిలో సాగే ఖనిజపు చార) నీటిలో మునిగి మూలపడి ఉండేది. హోసే అలెహాంద్రో బుస్తమాంతె అనే గని యజమానితో చేయి కలిపి, కొండ అడుగు నుంచి నీరు దానంతట అదే బయటకు పారేలా పొడవైన కాలువ సొరంగం తవ్వించాడు. ఏళ్ల తరబడి డబ్బు పోస్తూనే ఉన్నారు. నడుమలో బుస్తమాంతె కన్నుమూశాడు. సొరంగం పూర్తయ్యాక మాత్రం వెండి పోటెత్తింది. 1768లో స్పెయిన్ రాజు ఈయనకు రెగ్లా కౌంట్ బిరుదు ఇచ్చాడు. ఈయన ఇచ్చిన మూలధనంతోనే 1775లో మోంతె దె పియెదాద్ అనే తాకట్టు సంస్థ పుట్టింది. అది ఇప్పటికీ నడుస్తోంది, మెక్సికో నగరపు ప్రధాన కూడలి పక్కనే మీకు కనిపిస్తుంది.

సాంతా మరియా రెగ్లా ఒక మేడ మాత్రమే కాదు, ఖనిజం నుంచి వెండి తీసిన కర్మాగారం కూడా. 1550ల్లో పచూకాలోనే బార్తొలొమే దె మెదీనా రూపొందించిన పద్ధతి ఇక్కడ భారీగా నడిచింది. నూరిన ఖనిజాన్ని రాతి పరుపు వేసిన విశాలమైన ఆవరణలో బురదలా పరిచి, ఉప్పు, రాగి లవణం, పాదరసం కలిపి, కంచరగాడిదల చేత వారాల తరబడి తొక్కించేవారు. వెండి పాదరసంతో కలిసిపోయాక దాన్ని కడిగి, వేడిచేసి, పాదరసాన్ని ఆవిరిగా వేరుచేసేవారు. ఆ పనిలో మనుషులు, జంతువులు ఎంత విషం పీల్చారో ఊహించుకోవచ్చు. ఇప్పుడది హోటల్. కమానుల కింద కొలుములు, నేలమాళిగలు, ప్రార్థనాలయం, తోట అన్నీ తిరిగి చూడవచ్చు. పక్కనే ఉన్న లోయలో నల్లరాతి స్తంభాల గోడ ఉంది. 1803లో జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త హంబోల్ట్ చూసి బొమ్మ గీసింది దానినే. రొమేరో దె తెర్రేరోస్ కట్టించిన మరొక కర్మాగారం, సాన్ ఆంతొనియో రెగ్లా, తరువాత కట్టిన జలాశయంలో మునిగిపోయింది. నీటి మీద ఒక పొగగొట్టం, ఒక బురుజు మాత్రం పైకి లేచి ఉంటాయి.

రియల్ దెల్ మోంతె ఊరిలో కాసా గ్రాందే అనే పెద్ద ఇల్లు కూడా కౌంట్ కాలానిదే, తరువాత కంపెనీ అధికారుల వసతిగా మారింది. దాన్ని వీధిలోంచి చూస్తే సరిపోతుంది.

హ్యూస్టన్ సాగరిక

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. మీ జవాబులు నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన వెంటనే అడిగిన ప్రశ్న: "ఆ కౌంటు గారి కింద పనిచేసినవాళ్లకు కూలి ఎంత? యూనియన్ ఉండేదా?" సింగరేణిలో ఎన్నో సమ్మెలు చూసిన మనిషి కదా, అక్కడే పట్టుకున్నారు. దీనికి సంబంధించినది ఏదైనా అక్కడ చూడటానికి ఉంటుందా? మరొకటి, ఇంగ్లిష్ కంపెనీ ఎప్పుడు, ఎలా వచ్చిందో కూడా కొంచెం చెప్పండి. ఇంగ్లిష్ శ్మశానం అంటున్నారు, అది చూడదగినదేనా?

ఉరిగాం మనవడు

సాగరిక గారూ, మీ నాన్నగారి ప్రశ్నకు నేను జవాబు చెప్పవలసిందే. మాది కుప్పం ప్రాంతం. మా తాతగారు కోలారు బంగారు గనుల్లో, ఉరిగాం దగ్గర పనిచేశారు. రియల్ దెల్ మోంతె పేరు నేను మొదట చదివింది మెక్సికో పుస్తకంలో కాదు, కోలారు గనుల చరిత్రలో. 1880లో కోలారులో అడుగుపెట్టి, ఆ గనుల నిర్వహణను దశాబ్దాల పాటు చేతిలో పెట్టుకున్న జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ ఉంది కదా, దాని మూలపురుషుడు జాన్ టేలరే 1824లో రియల్ దెల్ మోంతె గనుల కోసం లండన్‌లో కంపెనీ పెట్టి, మూడవ రెగ్లా కౌంట్‌తో ఒప్పందం చేసుకున్నాడు. కోలారు వ్యవహారం నాటికి ఆయన లేడు, తరువాతి తరాలవారు నడిపారు. కానీ ఇంటిపేరు, పద్ధతి, కార్న్‌వాల్ నుంచి గని కెప్టెన్లను, మేస్త్రీలను రప్పించడం, ఇవన్నీ ఒకటే.

మెక్సికోలో వారి మొదలు ఘోరంగా సాగింది. 1825లో సుమారు 1,500 టన్నుల యంత్రసామగ్రిని ఓడల్లో వెరాక్రూజ్ దగ్గరి తీరానికి చేర్చారు. స్పెయిన్‌తో యుద్ధం వల్ల రేవు వాడుకునే వీలులేక ఇసుకతీరంలోనే దించుకోవలసి వచ్చింది. వానల కాలంలో పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) సోకి వచ్చినవారిలో ఎందరో అక్కడే చనిపోయారు. మిగిలినవారు ఆవిరి యంత్రాలను కంచరగాడిదలతో లాగిస్తూ సముద్రమట్టం నుంచి సుమారు 2,700 మీటర్ల ఎత్తుకు మరుసటి ఏడాదికి చేర్చారు. గనుల్లోని నీరు తోడగలిగారు గానీ లాభం తీయలేకపోయారు. 1849లో కంపెనీ చేతులెత్తేసి మెక్సికో వ్యాపారులకు అమ్మేసింది. ఆ తరువాత కొద్దికాలానికే రొసారియో గనిలో పెద్ద నిక్షేపం బయటపడింది. నీరు తోడినవారు ఒకరు, వెండి తిన్నవారు మరొకరు. కంపెనీ పోయినా కార్న్‌వాల్ కుటుంబాలు చాలావరకు అక్కడే ఉండిపోయాయి, ఫ్రాన్సిస్ రూల్ వంటివారు ఆ తరువాతి దశకు చెందినవారు. 1906లో అమెరికన్ కంపెనీ కొనుక్కుంది, 1947లో మెక్సికో ప్రభుత్వం చేతికి వచ్చింది.

ఇక సమ్మె సంగతి. 1766లో రియల్ దెల్ మోంతెలో జరిగింది అమెరికా ఖండాల తొలి కార్మిక సమ్మెల్లో ఒకటని చరిత్రకారులు చెబుతారు. ఖనిజం తవ్వే పనివారికి రోజుకూలితోపాటు ఒక హక్కు ఉండేది: నిర్ణయించిన సంచులు నింపాక, అదనంగా తవ్విన ఖనిజంలో యజమానితో సమంగా వాటా. కౌంట్ కాకముందు రొమేరో దె తెర్రేరోస్ ఈ వాటా మీద కన్నేశాడు. సంచుల పరిమాణం పెంచాడు, పనివారి మంచి ఖనిజాన్ని నాసిరకంతో కలిపించి అందులోంచి వాటా ఇచ్చాడు, మోత కూలీల రోజుకూలిని 4 రియాళ్ల (అప్పటి స్పానిష్ వెండి నాణేలు) నుంచి 3కు తగ్గించాడు. పనివారు ముందు చేసిన పని రాళ్లు విసరడం కాదు. ఫిర్యాదు రాయించుకుని అధికారుల దగ్గరికి, ఆ తరువాత వైస్రాయ్ దగ్గరికి వెళ్లారు. అది ఫలించక ఆగస్టు 15న తిరగబడినప్పుడు స్థానిక పాలనాధికారి, ఒక మేస్త్రీ హతులయ్యారు. యజమాని దాక్కుని ప్రాణాలు దక్కించుకుని వాస్కా వైపు వెళ్లిపోయాడు. విచారణకు వచ్చిన న్యాయకోవిదుడు ఫ్రాన్సిస్కో హావియేర్ దె గాంబోవా పాత వాటా పద్ధతిని తిరిగి నిలబెట్టాడు. యూనియన్ అన్న పేరు లేదు గానీ, అంతటి కట్టుబాటు ఉంది. మీరు రాళ్లమారి గారు చెప్పిన సాంతా మరియా రెగ్లాకు వెళ్లినప్పుడు, ఆ వైభవం ఈ సంచుల తగాదా సాగిన సంవత్సరాలదేనని నాన్నగారికి గుర్తుచేయండి. ఆయనకు ఆ కమానులు వేరుగా కనిపిస్తాయి.

ఇంగ్లిష్ శ్మశానం తప్పక చూడండి. దేవదారు జాతి చెట్ల మధ్య కొండ మీద ఉంటుంది. ప్రొటెస్టంట్లను కేథలిక్ శ్మశానాల్లో పూడ్చనివ్వని రోజుల్లో కంపెనీ వారికోసం ఏర్పడింది. సమాధులు ఇంగ్లండు దిక్కుకు తిరిగి ఉంటాయని చెబుతారు. ఒక విదూషకుడి సమాధి మాత్రం ఎదురు దిక్కుకు తిరిగి ఉందని గైడ్లు ముచ్చటగా చెప్పే కథను కథగానే వినండి. నన్ను అక్కడ ఆపినవి పసిపిల్లల సమాధి రాళ్లు. కోలారులోని ఇంగ్లిష్ శ్మశానంలోనూ అవే ఎక్కువగా కనిపిస్తాయి. ఒక్క తేడా ఉంది: రియల్ దెల్ మోంతె తన గనులను మూశాక వాటిని మ్యూజియంలు చేసుకుంది. 2001 ఫిబ్రవరి 28న మూతపడిన కోలారులో, భూగర్భంలో 3 కిలోమీటర్లకు పైగా లోతుకు వెళ్లిన బావుల మీది ఉక్కు గోపురాలు, దొరల బంగళాలు ఏ టికెట్ లేకుండానే శిథిలమవుతున్నాయి.

రాళ్లమారి

ఉరిగాం మనవడు గారు రాసినదానికి ఒక చిన్న చేర్పు. కార్మికుల గుర్తులు వెతుకుతున్నారు కనుక, రియల్ దెల్ మోంతెలో జెలోంత్లా స్వామి మందిరానికి కూడా వెళ్లండి. అక్కడి క్రీస్తు విగ్రహానికి గని కార్మికుడి టోపీ, చేతికి కార్బైడ్ దీపం ఉంటాయి. మ్యూజియం కాదు, నిత్యం పూజలందుకుంటున్న గుడి కాబట్టి ప్రార్థన సమయంలో ఫొటోలు తీయకుండా ఉంటే మంచిది. ఊరి ప్రధాన చర్చి బయటినుంచి చూడండి: రెండు బురుజుల్లో ఒకటి స్పానిష్ తీరులో, మరొకటి గడియారంతో ఇంగ్లిష్ తీరులో ఉంటాయి.

పాత కాపు (మెక్సికో నగరం)

రాళ్లమారి గారి మాట ఒప్పుకుంటున్నాను. రెండు రోజులు ఉన్నాయి గనుక సాంతా మరియా రెగ్లాను చేర్చుకోవచ్చు. ఒక్కరోజే ఉంటే మాత్రం దాన్ని వదిలి గని, ఆసుపత్రి, శ్మశానం చూడమనే చెబుతాను.

సాగరిక గారూ, ఏర్పాట్ల విషయం ఇలా చేసుకోండి. మెక్సికో నగరపు ఉత్తర బస్ టెర్మినల్ నుంచి పచూకాకు బస్సులు తరచుగా ఉంటాయి. దూరం 90 కిలోమీటర్ల పైచిలుకు. పచూకా నుంచి రియల్ దెల్ మోంతెకు చిన్న వ్యాన్లు తిరుగుతాయి గానీ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారితో టాక్సీయే నయం. మొదటి రోజు నేరుగా కొండ మీదికి వెళ్లి, ఉదయం అకోస్తా గని, మధ్యాహ్నం ఆసుపత్రి మ్యూజియం, ఎండ తగ్గకముందే శ్మశానం చూసి, రాత్రి అక్కడే బస చేయండి. రెండవ రోజు ఉదయం టాక్సీ మాట్లాడుకుని వాస్కా వెళ్లి వచ్చి, సాయంత్రం పచూకాలో కాసా రూల్, గనుల మ్యూజియం చూసి బస్సెక్కవచ్చు. సోమవారాలు మ్యూజియంలు మూసి ఉండటం ఇక్కడి ఆనవాయితీ, కొన్ని మంగళవారం కూడా తెరవరు. పురపాలక కార్యాలయానికి శని ఆదివారాలు సెలవు. ఈ రెండూ కలిపి చూస్తే గురు, శుక్రవారాలు మీకు అనువైనవి. సెలవుల వారంలో వేళలు మారతాయి కనుక ముందు రోజు ఫోన్ చేసి కనుక్కోండి.

డిసెంబరులో అక్కడ రాత్రిళ్లు గడ్డకట్టే చలి, పొద్దున పొగమంచు. హ్యూస్టన్ నుంచి వచ్చేవారు ఉన్ని బట్టలు తక్కువ తెచ్చుకుంటారు. అమ్మానాన్నలకు మందపాటి కోట్లు పెట్టండి. వీధులన్నీ రాతి పలకల ఎత్తుపల్లాలు, పైగా ఆ ఎత్తులో గాలి పలుచన, కాబట్టి మెక్సికో నగరంలో రెండు రోజులు గడిపి అలవాటుపడిన తరువాతనే కొండెక్కించండి. గని గైడ్లు ఎక్కువగా స్పానిష్‌లోనే చెబుతారు. మీకు స్పానిష్ వస్తే నాన్నగారి ప్రశ్నలు అనువదించడానికి సిద్ధంగా ఉండండి. ఆ గైడ్లలో గని కుటుంబాల నుంచి వచ్చినవారు ఉంటారు, అడిగితే ఓపికగా జవాబిస్తారు.